ఒకరోజు ముందు సంతకం

మునిసిపల్ ఆఫీసులో వాహనాల సెక్షన్ గుమాస్తాని అందరూ వెనకాల కొర్రీ మాస్టారు అనేవారు. ఎవరు ఏ కాగితం తెచ్చినా అందులో ఏదో ఒక లోపం పట్టి, ఎర్ర సిరాతో కొర్రీ రాసి వెనక్కి పంపందే అతనికి మధ్యాహ్నం ముద్ద దిగేది కాదు. అలాగని చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే ఈ కథ అయ్యేసరికి మీరు అతన్ని నాలుగు తిట్టి కూర్చుంటారు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఒకరి టీ కూడా ఊరికే తాగి ఎరగడు. చెయ్యి తడపబోయిన వాళ్లని ఇద్దర్ని కౌంటర్ దగ్గరే నిలబెట్టి కడిగేశాడు. తను ముక్కుసూటి మనిషినని అతనికి లోపల్లోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వమే కొంప ముంచింది.

అతన్ని పెంచింది అక్కయ్య. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్లు, ఆవిడకి పదహారు. యూనిఫారాలు కుట్టే దుకాణంలో మిషను తొక్కి తమ్ముణ్ని చదివించింది. ఆ మిషను పక్కన గుడ్డముక్కల మీద కూర్చుని అతను ఎక్కాలు నేర్చుకున్నాడు. ఒకసారి కొట్టువాడు చిల్లర ఎక్కువిస్తే నోరుమూసుకుని జేబులో వేసుకొచ్చాడని, వానలో మళ్లీ కొట్టుదాకా నడిపించుకెళ్లి తిరిగి ఇప్పించింది.

అలాంటి మనిషికి నాలుగేళ్ల కిందట వెన్నులో ఏదో పెరిగింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది గానీ నడుం కింద కాళ్లు మాట వినడం మానేశాయి. చక్రాల కుర్చీలో పడింది. "ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే కుర్చీతో సహా ఎక్కించి కుర్చీతో సహా దింపండి. ఎత్తుకుని మోశారంటే మిగిలిన వెన్ను కూడా పోతుంది" అని డాక్టరు గట్టిగా చెప్పాడు.

సరిగ్గా ఆ ఏడే తమ్ముడు ఊరికి ఆ చివర ఇల్లు కట్టుకున్నాడు. రెండు గదులు, వంటిల్లు, పడమటి కిటికీ కింద తను రాసుకునే బల్ల. అప్పు చేసి కట్టినా సొంత ఇల్లు. అక్కయ్య ఆ ఇంటికి రాలేకపోయింది. ఫోన్లో ఫొటోలు చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టేసింది.

"ఫొటోలో ఇల్లు చూసి ఏం చేసుకోనురా? గోడ తడిమి చూడాలి. నీ కిటికీ దగ్గర ఒక గంట కూర్చోవాలి. మరదలు చేతి వంట నీ కంచంలో తినాలి. ఒక్కసారి అది జరిగితే చాలు, ఇంక నిన్నేమీ అడగను."

ఆవిడ జీవితంలో తమ్ముణ్ని అడిగింది అదొక్కటే. బావకి ఆ సంగతి తెలుసు. బావ బేకరీ వ్యాన్ డ్రైవరు. నోరు తెరిస్తే వేళాకోళం, చెయ్యి ఆడితే పని. కొత్తింట్లో చేరిన రోజు ఒక్కడే వచ్చాడు. వచ్చినవాడు అందరితో కలిసి కూర్చోకుండా, జేబులోంచి టేపు తీసి గుమ్మం ముందు మెట్ల దగ్గర చతికిలబడ్డాడు. మేస్త్రీ పనికి వంకలు పెడుతున్నాడనుకుని తమ్ముడికి ఒళ్లు మండింది. "బావా, మేస్త్రీ వెళ్లిపోయాడు, ఇక లేచి భోంచెయ్" అన్నాడు. బావ ఏదో కాగితం ముక్క మీద గీసుకుని, నవ్వుతూ లేచాడు.

తర్వాత కొన్నాళ్లకి బేకరీవాళ్లు పాత వ్యాన్ తీసేస్తుంటే బావ తన దగ్గరున్నది దాదాపు అంతా ఊడ్చి అది కొన్నాడు. వెనక తలుపు వెడల్పుది, కుర్చీ దర్జాగా పడుతుంది. దానికో ర్యాంపు బిగిస్తే అక్కయ్యని దొర్లించుకుంటూ ఎక్కించొచ్చు. ఎటొచ్చీ, బండి తన పేరున రిజిస్ట్రేషన్ చేయించాలి.

నడవలేని వాళ్ల కోసం వాడే బండికి రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. కానీ అందుకు డాక్టరు సర్టిఫికెట్ కావాలి, అది రావడానికి ఒక వారం. వారం ఆగి ఉంటే ఈ కథే లేదు. కౌంటర్ వెనక నుంచి బావమరిదే అన్నాడు:

"ముందు కట్టెయ్ బావా. బండి నీ పేరుకి మారిపోతుంది. తర్వాత ఆ ఫీజు వెనక్కి నేను ఇప్పిస్తాగా."

బావ కట్టేశాడు. అది వెల్డింగ్ షాపువాడికి ర్యాంపు కోసమని దాచిన డబ్బు.

ఇక్కడ ఈ ఫీజు వ్యవహారం కాస్త చెప్పాలి. కౌంటర్లో కట్టించుకునేది మునిసిపాలిటీ. పదింట ఆరు వంతులు రాష్ట్ర ఖజానాకి పోతాయి, నాలుగు వంతులు ఊరికి మిగులుతాయి. పుచ్చుకోవడంలో ఇద్దరూ అన్నదమ్ములే. తిరిగి ఇవ్వాల్సి వచ్చేసరికి ఇద్దరికీ చెవుడు వస్తుంది. ముక్కలుగా ఇవ్వకూడదు, ఖజానా వాటా వచ్చాకే మొత్తం ఒకేసారి ఇవ్వాలని మునిసిపాలిటీ రూలు. మునిసిపాలిటీ తన వాటా ఇచ్చేసినట్టు ధ్రువీకరిస్తేనే తమ వాటా కదుపుతామని ఖజానా రూలు. ఈ రెండూ రాసిన మహానుభావులెవరో గానీ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రాసినట్టున్నారు.

మరి జనానికి డబ్బు ఎలా వస్తోందంటారా? ఎప్పటినుంచో ఆ సెక్షన్లో ఒక పద్ధతి ఉంది. గుమాస్తా ఇవాళే "మా వాటా చెల్లించడమైనది" అని సంతకం పెట్టి ఖజానాకి పంపేస్తాడు. మర్నాడు క్యాషియరమ్మ ఆ వాటాకి చెక్కు రాసి బీరువాలో పెడుతుంది. పది పన్నెండు రోజుల్లో ఖజానా వాటా వస్తుంది, రెండూ కలిపి మనిషి చేతిలో పెడతారు. ఆఫీసులో దాన్ని ‘ఒకరోజు ముందు సంతకం’ అనేవారు. అబద్ధమంటే అబద్ధమే, కానీ ఎవరి సొమ్మూ తినని అబద్ధం. ఖజానావాళ్లకీ తెలుసు. మన కొర్రీ మాస్టారు కూడా ఊరందరికీ అలాంటి సంతకాలు కొన్ని వందలు పెట్టాడు, ఏనాడూ పెన్ను ఆగలేదు.

బావ దరఖాస్తు తెచ్చి బల్ల మీద పెట్టాడు. డాక్టరు సర్టిఫికెట్, ఫీజు రసీదు, బండిలో మార్పులు చేయిస్తున్నట్టు వెల్డింగ్ షాపు కొటేషన్. అన్నీ ఉన్నాయి. గుమాస్తా కళ్లజోడు సవరించుకున్నాడు.

"బావా, ఈ రెండో ఐటమ్ ఏంటి? మొదటిది వ్యాన్ తలుపుకి ఇనప ర్యాంపు, బాగుంది. రెండోది పన్నెండడుగుల చెక్క ర్యాంపు, మధ్యలో మడత. ఇదెందుకు?"

"అవసరం ఉందిలే."

"అవసరం అంటే కుదరదు. బండికి సంబంధం లేనిది బండి ఫైల్లో ఉండకూడదు."

"నువ్విప్పుడు బావమరిదివా, గుమాస్తావా?"

"ఆఫీసులో గుమాస్తానే."

"అయితే గుమాస్తా దొరగారూ, ఇదే ఆఫీసులో నాకో బావమరిది ఉన్నాడు. కాస్త సిఫారసు చేయించమంటారా?"

పక్క బల్లల వాళ్లు పగలబడి నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. ఎర్ర సిరా పెన్ను తీసి, "రెండవ అంశమునకు వాహనముతో గల సంబంధము తెలుపవలెను" అని కొర్రీ రాసి కాగితం చేతికిచ్చాడు. బావ అక్కడే, అదే కాగితం కింద రాసిచ్చాడు: "బండి దిగాక ఎక్కాల్సినవి కూడా ఉంటాయి కదండీ."

ఈయన వేళాకోళం ఆఫీసు కాగితాల మీదికి కూడా వచ్చిందని విసుక్కుని, అతను రెండో అంశం అడ్డంగా కొట్టేశాడు.

తర్వాత ధ్రువీకరణ కాగితం ముందుకు లాక్కున్నాడు. "మా వాటా చెల్లించడమైనది." పెన్ను కాగితం మీద పెట్టి ఆగిపోయాడు. ఊరందరికీ పెట్టాడు సరే. ఇది సొంత అక్కయ్య డబ్బు. రేపు ఏ ఆడిటరో వేలు పెట్టి చూపిస్తే, తనవాళ్ల కోసం లేనిది ఉన్నట్టు సంతకం పెట్టాడనరూ? పంతొమ్మిదేళ్ల పేరు ఒక్క పూటలో మట్టిలో కలిసిపోదూ? ఆ వాక్యం కొట్టేసి, ఉన్నది ఉన్నట్టు రాశాడు: "ఖజానా వాటా అందిన వెంటనే మా వాటా చెల్లించబడును."

ఫైలు నెల తర్వాత తిరిగొచ్చింది. చెల్లించిన ధ్రువీకరణ జతపరచలేదట. అతను మళ్లీ అదే నిజం ఇంకాస్త వివరంగా రాసి పంపాడు. మళ్లీ వచ్చింది. ఈసారి నాలుగు నెలలు పట్టింది.

క్యాషియరమ్మకి చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, ఎవరికీ జడవదు.

"ఏమయ్యా, దారిన పోయేవాళ్లందరికీ పెట్టే సంతకం తోడబుట్టినదానికి పెట్టలేవా?"

"తోడబుట్టింది కాబట్టే పెట్టలేనండీ."

"ఆవిడ పరాయిదైనా బాగుండేది, పాపం" అని ఆవిడ బీరువా తలుపు దభాలున వేసింది.

ఇంట్లో భార్య కూడా ఊరుకోలేదు. "పోనీ మనమే ఆ ర్యాంపు డబ్బు ఇచ్చేద్దాం. నా దగ్గర కొంచెం ఉంది" అంది. అతను ఆ మాట అక్కయ్య దగ్గర ఎత్తాడు గానీ, నీళ్లు నములుతూ ఎత్తాడు. ఇంటి అప్పు గొంతుదాకా ఉంది మరి. అక్కయ్య ఆ గొంతు పోల్చుకోలేని మనిషా? "మాకు రావాల్సింది ఉండగా నీదెందుకురా? నువ్వు ఇప్పిస్తానన్నావుగా, వస్తుందిలే" అంది. హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్య తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో అతనికే తెలుసు.

ప్రతి ఆదివారం అక్కయ్యింటికి వెళ్లేవాడు. ఆవిడ కుర్చీ కిటికీ దగ్గర, బయట వీధిలో వ్యాన్. వ్యాన్ అద్దం మీద దుమ్ములో వీధి పిల్లలు బొమ్మలు గీసేవారు. ఆవిడ ఇంటి గురించి ఏదో ఒకటి అడుగుతూ ఉండేది. గోడలకి ఏ రంగు వేశారు, వంటింట్లో గాలి వస్తుందా, బల్ల దగ్గర దీపం ఉందా. "అన్నీ వచ్చి చూద్దువుగాని, ఇంకెంత, ఈ నెలలో అయిపోతుంది" అనేవాడు. బావ తలుపు దగ్గర నుంచుని, "ఏ నెలలో అన్నది కొర్రీ కింద అడగొచ్చా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఏడాది గడిచేసరికి ఆ నవ్వు కాస్త పలచబడింది.

రెండో ఏడు వానలకి అక్కయ్య వెన్ను మళ్లీ దెబ్బతింది. ముందు రెండు గంటలు కూర్చోగలిగేది గంటకి దిగింది, గంట పది నిమిషాలకి దిగింది. చివరికి డాక్టరు వచ్చి చూసి, ఇక కుర్చీ వద్దన్నాడు. మెత్తటి పరుపు కూడా వద్దు, గట్టిగా, చదునుగా ఉన్నదాని మీద వెల్లకిలా పడుకోబెట్టండి, లేపి కూర్చోబెట్టొద్దు అన్నాడు. ఎన్నాళ్లు అని తమ్ముడు అడిగాడు. డాక్టరు సంచి సర్దుకున్నాడు.

అప్పటికి ఫైలు అయిదోసారి ఖజానా నుంచి తిరిగొచ్చి బల్ల మీద ఉంది. అతనికి జ్వరం తగిలి మూడురోజులు సెలవు పెట్టాడు. ఆ మూడురోజులూ సెక్షన్ ఇన్‌చార్జి క్యాషియరమ్మ. ఆవిడ మొదటి రోజు పొద్దున్నే ఆ ఫైలు తీసింది, "మా వాటా చెల్లించడమైనది" అని రాసింది, సంతకం పెట్టి టపాలో వేసింది. మొత్తం రెండు నిమిషాల పని. మర్నాడు చెక్కు రాసి బీరువాలో పెట్టింది. అతను తిరిగొచ్చాక ఏమీ చెప్పలేదు.

పన్నెండో రోజు ఖజానా నుంచి వాళ్ల వాటా చెక్కుతో ఉత్తర్వు వచ్చింది. అది చూసి అతను ముందు మండిపడ్డాడు. ఎవరిని అడిగి చేశారని లేచాడు. క్యాషియరమ్మ చెక్కులు లెక్కపెట్టడం ఆపలేదు. "నా సంతకం, నా తల. నువ్వు కడుక్కున్న చేతులు కడుక్కున్నట్టే ఉంటాయిలే" అంది.

ఇంకా వాదించేవాడే. ఇంతలో ఖజానా నుంచి ఫోనొచ్చింది. అవతల ఆ ఫైలు చూసే ఆవిడ, వేరే పని మీద చేసి, మాటల్లో మాటగా అంది:

"అది మీ దగ్గర్నించి అన్నిసార్లు వచ్చిన ఫైలు కదండీ. మీరు అందరికీ ఒకరోజు ముందు సంతకం పెట్టి పంపుతారు, దానికొక్కదానికే పెట్టలేదు. ఇంత జాగ్రత్తపడే మనిషి వెనకాడుతున్నాడంటే ఆ దరఖాస్తుదారుడే ఏదో తేడా మనిషేమోనని నేను కిందకి తోసేసేదాన్ని. ఇంతకీ ఏంటండీ సంగతి? మనిషి మంచివాడేనా?"

"మంచివాడేనండీ" అని మాత్రం అన్నాడతను. ఫోను పెట్టేసి ఎర్ర సిరా పెన్నుకి మూత పెట్టాడు. తన పేరుకి మచ్చ రాకూడదని చేసిందల్లా బావ పేరు మీద మచ్చయి పడింది. క్యాషియరమ్మ లేచి వచ్చి ఆ రెండు చెక్కులూ ఒక కవర్లో పెట్టి అతని జేబులో దోపింది. "వెళ్లు, నువ్వే ఇచ్చి రా" అంది. ఆ మాట మాత్రం మెత్తగానే అంది.

అక్కయ్యింటికి వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు. బావ అక్కయ్య కాళ్లకి నూనె రాస్తున్నాడు. ఆవిడ వెల్లకిలా, మెడదాకా దుప్పటి. తమ్ముణ్ని చూడ్డానికి కళ్లు మాత్రం తిప్పింది.

"పనిరోజున వచ్చావేంరా? ఆఫీసుకి సెలవా?"

"డబ్బు వచ్చిందక్కా. మొత్తం వచ్చింది. బావా, ఇవాళే వెల్డింగ్ షాపుకి..." అంటూ అతను ఆగిపోయాడు. షాపుకి వెళ్లి ఏం చేయించాలో తనకే తెలియలేదు.

బావ చేతులు తుడుచుకుని కవరు అందుకున్నాడు. లోపల చూడకుండానే కిటికీ గట్టు మీద పెట్టాడు. "వ్యాన్ అమ్మకానికి పెట్టాను. కొనేవాడు రిజిస్ట్రేషన్‌కి మీ కౌంటర్‌కే వస్తాడు, కాస్త చూసుకో" అన్నాడు. మామూలుగా అయితే అది జోకే. ఈసారి బావ నవ్వలేదు.

"అదేంటి బావా? అక్కయ్యకి తగ్గాక... ఆ చెక్క ర్యాంపు కూడా చేయిద్దాం. నేను కొట్టేశాను గానీ, చేయిద్దాం. అసలు అదెందుకో నువ్వు సరిగ్గా చెప్పనేలేదు."

"ఆ చెక్కదా? అది రెండేళ్ల కిందటే చేసేశాను. ఇనపదానికే డబ్బు చాల్లేదు. బేకరీలో పాత అరలు పారేస్తుంటే తెచ్చి నేనే బిగించాను." బావ మంచం వైపు చూశాడు. "డాక్టరు గట్టిగా ఉన్నదాని మీద పడుకోబెట్టమన్నాడు కదా. ఇంట్లో అంత గట్టిది అదొక్కటే ఉంది. మడిస్తే మనిషి పొడవుకి సరిపోయింది."

తమ్ముడు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. దుప్పటి అంచు పైకెత్తాడు. పలచటి బొంత కింద మందపాటి చెక్కలు, మధ్య మడత దగ్గర రెండు ఇనప బందులు. చెక్క పక్క అంచున, వడ్రంగులు రాసుకున్నట్టు పెన్సిల్‌తో బావ చేతిరాత ఉంది.

"తమ్ముడి ఇల్లు. నాలుగు మెట్లు. ఒక్కోటి ఆరంగుళాలు."

అతను ఆ రాత రెండుసార్లు చదివాడు. తన ఇంటికి నాలుగు మెట్లున్నాయి. పునాది ఎత్తు ఉంటే చూడ్డానికి బాగుంటుందని తనే మేస్త్రీతో పట్టుబట్టి పెట్టించాడు. అక్కయ్య అప్పటికే కుర్చీలో ఉంది. ఆ ఇంటికి ఆవిడ రావాలని అతను వెయ్యిసార్లు అన్నాడు, ఆ కుర్చీ ఆ మెట్లు ఎలా ఎక్కుతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. అనుకున్నవాడు బావ. మెట్ల దగ్గర టేపు పట్టుకుని చతికిలబడి అనుకున్నాడు. కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు. దాన్ని తను ఎర్ర సిరాతో కొట్టేశాడు.

"నాదే తప్పు. నేనే చేశాను ఇదంతా" అన్నాడు ఎవరితోనో తెలియకుండా. ఏడుపు ఆపుకుందామనుకున్నాడు గానీ ఆగలేదు.

"ఛ, ఊరుకో" అంది అక్కయ్య. "అబద్ధపు సంతకం పెట్టలేకపోయావు, అంతేగా. చిల్లర తిరిగి ఇప్పించడానికి నిన్ను వానలో నడిపించినదాన్ని నేనే. నేను నేర్పిందే నాకు తగిలింది, నిన్నేమనను?"

ఆవిడ తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికపడేది. ఆవిడ తిట్టలేదు. చెయ్యి దుప్పట్లోంచి తీసి అతని తల కోసం వెతికింది, దొరికాక అక్కడే ఉంచింది.

"సరే గానీ, ఇంక వాయిదాలు వద్దు. ఇప్పుడు చెప్పు, నీ ఇల్లు ఎలా ఉంటుందో. నేను వీధిలో బండి దిగాను అనుకో. అక్కణ్నించి మొదలుపెట్టు, ఒక్కటీ వదలకుండా చెప్పాలి."

బావ గోడకి ఆనుకుని నుంచున్నాడు. తమ్ముడు మొహం తుడుచుకున్నాడు.

"ముందు నాలుగు మెట్లు ఉంటాయక్కా" అన్నాడు.

ఆవిడ తర్వాతి మాట కోసం కళ్లు మూసుకుని ఎదురుచూసింది. అతను మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఆ నాలుగు మెట్ల దగ్గరే ఆగిపోయాడు.